జాడీ అడుగున మిగిలిన మాట

మైదుకూరు బజారులో లక్ష్మీనరసయ్య అంగడి వెనకనే ఇల్లు. మామిడికాయల కాలం వచ్చిందంటే ఆ ఇంట్లో జాడీలు కడగడంతోనే తెల్లవారుతుంది. ఊరగాయ అయిపోయి అడుగు గీకినప్పుడు, దాన్ని పెట్టిన నాటి మాటలు జాడీలోంచి పైకి వస్తాయి. మొన్న నిమ్మకాయ జాడీ అడుగున, కాలం చేసిన అవ్వ పిల్లిని అదిలించింది. అందరూ ఒక్క నిమిషం ఆగి చేతులు జోడించి, మళ్లీ తోముకోవడంలో పడ్డారు.

అటక మీది పెద్ద జాడీని మాత్రం ఎవరూ దించలేదు. నిరుడు అందులోనే ఊరగాయ బూజు పట్టింది. కొత్త కోడలు శ్రీవిద్య తడిచేత్తో కలిపిందని అత్త రాజ్యలక్ష్మమ్మ తేల్చేసింది. కొత్త కోడలి చెయ్యి ఊరగాయకు అచ్చిరాదని ఆ ఇంట్లో ముందునుంచీ ఉన్న మాటే. వినీ వినీ, తన వేళ్ల కొసల నుంచి నీళ్లు కారడం శ్రీవిద్యకు కూడా కళ్లకు కట్టినట్టు గుర్తుండిపోయింది.

"నాకు భుజం లేయడం లేదు. ఈ యేడు ఊరగాయ కలిపేదానికి రాయచోటి నుంచి మహాదేవమ్మను పిలిపిస్తాండా. నువ్వు కాయలు తుడువు, చాలు," అంది అత్త.

అంగడిలో అమ్మేది కూడా ఈ ఇంటి ఊరగాయే. ఈసారి చెయ్యి పెట్టకపోతే ఇక ఎప్పటికీ తను కాయలు తుడిచే మనిషే. శ్రీవిద్య కొంగు బిగించి నిచ్చెన వేసింది.

"దాన్నెందుకు దించుతాండావే? కంపు!"

"నా తప్పేందో నా చెవులతోనే వింటానత్తా. ఆ పైన నువ్వు చెప్పినట్టే."

చెడిన ఊరగాయంతా పెరట్లో గుంట తీసి పూడ్చింది. అడుగు గీకింది. ముందు కత్తిపీట చప్పుడు. తర్వాత తన గొంతే.

"చేతులు తుడుచుకున్నానత్తా. ఆరినాయేమో చూడు."

"ఆరినాయిలేమ్మా, కలుపు."

ఆ తర్వాత మామ లక్ష్మీనరసయ్య గొంతు. "ఏమే, నాకు బీపీ ఉండాదని డాక్టరు ఉప్పు తగ్గించమన్న్యాడు గదా!"

"అర సేరు తగ్గించే పోస్తాండాలేండి. అంగడికొచ్చేవాళ్లు వింటే నగుతారు, మెల్లగా మాట్లాడండి."

అంగడి గడపలో నిలబడ్డ లక్ష్మీనరసయ్య బుర్ర గోక్కున్నాడు. "గొంతు నాదే. నేనెప్పుడంటినబ్బా?"

రాజ్యలక్ష్మమ్మ కూలబడింది. "ఉప్పు తక్కువయ్యే బూజు పట్టిందన్నమాట! పెండ్లయినప్పటి నుంచీ ఇత్తడి సేరు నిండుగానే పోస్తాండా. నిరుడూ నిండుగానే పోసినట్టు గుర్తు. దీపం ముందర ప్రమాణం చేయమన్నా చేసుందును తల్లీ."

"నేనూ చేసుందునత్తా, తడిచెయ్యి అని."

మరునాడు ఎండకు ఆరిన అదే జాడీని నడింట్లో పెట్టారు. రాజ్యలక్ష్మమ్మ ఇత్తడి సేరు తెచ్చి కోడలి చేతిలో పెట్టి, అంగడి వైపు కేక వేసింది.

"మహాదేవమ్మను రావద్దని ఫోన్ చేయండి!"

"మరి నా బీపీ?"

"మీకు మజ్జిగన్నం!"

శ్రీవిద్య మామ వైపు చూడలేదు. సేరు నిండా ఉప్పు ముంచి పోసింది. అత్త మోకాళ్ల మీద వంగి, జాడీ మూతి దగ్గర నోరు పెట్టి, మంత్రం చెప్పినంత స్పష్టంగా అంది:

"ఈ యేటి ఊరగాయ మా శ్రీవిద్య చేతిది."