మంచినీళ్ళు తాగని నీడ

రోజూ పొద్దున్నే నాగమణిగారు పెసరట్లు వేస్తుంటే, పక్కనే కూర్చుని ఖమ్మంలో ఉన్న అక్కకి ఫోన్ చేయడం ఫణికి అలవాటు. అక్కడ అప్పుడు సాయంత్రం. ఫణి అమెరికాలోని జార్జియాలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆడుతున్నాడు. అద్దెలు భరించలేక ఆ క్లబ్బు ఆటగాళ్ళని తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఉంచుతుంది. తెలుగు కుర్రాడు కదా అని నాగమణిగారి కొడుకు కమ్మింగ్ అనే ఊళ్ళో తన ఇంటికి తెచ్చుకున్నాడు. కొడుకుని చూసిపోదామని వచ్చిన ఆవిడ, వీడికి అట్లు పోయడంలో పడిపోయింది.

కుర్రాడు బంగారం. కాకపోతే నీడ లేదు. 2012 ఏప్రిల్లో దిగినప్పటి నుంచీ లేదు. సూట్‌కేసు లేటైతే వెనకాల రాదూ, ఇదీ అంతేలే అనుకున్నారు క్లబ్బులో. రాలేదు. నీడ లేనివాడి కాలికి నేల సరిగ్గా ఆనదు. సగం ఆటకే ఫణి తూలిపోతున్నాడు. కోచ్ ఇక తేల్చి చెప్పేశాడు: శనివారం ఆఖరి మ్యాచ్, చివరిదాకా నిలబడితే కాంట్రాక్ట్, లేదంటే ఇంటికి టికెట్.

"బయల్దేరేటప్పుడు ఏం చేశావురా నాయనా?" అంది నాగమణిగారు అట్టు తిరగేస్తూ.

"ఏం లేదు మామ్మగారూ. కారెక్కాక బూట్లు మర్చిపోయానని గుర్తొచ్చి, లోపలికెళ్ళి తెచ్చుకున్నా."

"వెనక్కెళ్ళినవాడివి కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగావా?"

"ఫ్లైట్‌కి టైమైపోతుంటే నీళ్ళేంటండీ!"

"హవ్వ! నువ్వు తాగలేదు కాబట్టి నీ నీడ అక్కడే కూర్చుండిపోయింది. మీ అక్కనడుగు."

అమ్మ పోయాక వీణ్ణి పెంచిందీ, వీధిలో బంతి తన్నడం నేర్పిందీ అక్క రాగిణే. అడిగితే చెప్పేసింది.

"ఇక్కడే ఉందిరా. గుమ్మం పక్కన కుర్చీలో. నీళ్ళ కోసం చూస్తోంది. నేనే ఇవ్వలేదు."

"ఎందుకక్కా?"

"సాయంత్రాలు నాతో బంతి ఆడుతుంది. నువ్వున్నట్టే ఉంటుందిరా."

ఫణికి ఏడుపొచ్చింది. పంపించెయ్ అనడానికి నోరు రాలేదు. నాగమణిగారే ఫోన్ లాక్కుంది. "గ్లాసుడు నీళ్ళిచ్చి పంపమ్మా తల్లీ. పిల్లాడు పడిపోతున్నాడిక్కడ."

శనివారం ఎండ వాలుతోంది. రెండో సగంలో ఫణి మళ్ళీ తూలాడు. కోచ్ వాడి బదులు ఇంకో కుర్రాణ్ణి లేవమన్నాడు. సరిగ్గా అప్పుడే మైదానానికి అడ్డంపడి, గడ్డి మీద పరుగెత్తుకుంటూ వచ్చింది నీడ. వచ్చి ఫణి పాదాల కింద సర్దుకుంది. అమ్మయ్య! కాళ్ళకి నేల తగిలింది. బంతి ఎడమవైపు వచ్చింది. ఫణిది కుడికాలి ఆట, కానీ నీడ ముందుగా ఎడమకాలు తిప్పింది. అది అక్క మలుపు. ఫణి దాని వెంటే తిరిగి కొట్టాడు. గోల్! కోచ్ ఆ కుర్రాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్కా, కాంట్రాక్ట్ ఇస్తామన్నారు! నీ ఎడమకాలి మలుపు దానికెప్పుడు నేర్పావే?"

"రోజూ ఆడితే రాదేంట్రా!" నవ్వి, ముక్కు చీదింది రాగిణి.

"ఒక్కదానివే అయిపోయావు కదక్కా."

"ఆ ఖాళీ కుర్చీ చూడలేక బంతి పట్టుకుని వీధిలోకొచ్చాను. గోడ పక్కన ఆడపిల్లలు నిలబడి చూస్తుంటే వాళ్ళకి వేశా. ఇవాళ ఇంకో నలుగుర్ని తెచ్చారు. ఉండరా, పిలుస్తున్నారు."

ఎన్నడూ తనంతట తాను ఫోన్ పెట్టని అక్క, ఆ రోజు టక్కున పెట్టేసింది.