బిగించే వంతు

మా అక్క ఇంట్లో దేనికీ లోటు లేదు. గోడలోని యంత్రానికి చెబితే చెప్పుల నుంచి భోజనం దాకా అన్నీ ఊరికే ఇస్తుంది. దొరకనిదల్లా పని. అందుకే ఇప్పుడు పనిని వంతులేసి పంచుతున్నారు, ఇంటికి వారానికో పూట.

బావ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. బస్సులు తమంతట తామే నడవడం మొదలెట్టాక ఆయన మంచం దిగడం మానేశాడు. గడ్డం మాసింది, మాట కరువైంది. అక్క పోరగా పోరగా చివరికి వచ్చే వారం వంతుకు తాను వెళ్తానన్నాడు. ఆ మాటకే అక్క ప్రాణం లేచొచ్చింది. నాకు మాత్రం ఏదీ ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

వంతు పంపుల ఫ్యాక్టరీలో. మా ఇంటి వంతుకు వెళ్లే నాదీ అక్క పక్క బల్లే. పంపు మూతకు నట్లు బిగించాలి. అక్క పాత మెకానిక్. బిగించాక నట్టు మీంచి మూత మీదికి ఒక రంగు గీత పెట్టడం ఆ పనివాళ్ల పద్ధతి. నట్టు కదిలితే గీత తెగి కనిపిస్తుంది. ఇక్కడ గీతలు వద్దన్నారు. అయినా చేతి అలవాటు ఊరుకుంటుందా? కిందటి వారం ఎర్రటి గోళ్ల రంగుతో పెట్టేసింది.

ఈ వారం అక్క ముందుకొచ్చిన పంపు మీద అదే ఎర్ర గీత ఉంది, రెండు ముక్కలై.

సూపర్‌వైజర్‌ను నిలదీశాను. "మేం బిగించినవి ఊడదీసి మళ్లీ మాకే ఇస్తున్నారా?"

ఆయన తల దించుకున్నాడు. "అసలు పంపులు యంత్రాలే చేసుకుంటాయమ్మా. మీకూ ఏదో ఒక పని ఉండాలి కదా. నా ఉద్యోగమూ ఇలాంటిదే."

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం స్పానరు తీసుకుని ఆ నట్టే మళ్లీ బిగించింది. దారిలో, "మీ బావకి చెప్పావంటే నా మీద ఒట్టే" అంది.

అక్కతో వాళ్లింటికి వెళ్లేసరికి బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఆ పంపులు ఎక్కడికి పంపుతారు?" అని అడిగాడు.

"నీళ్లు లేని ఊళ్లకటండీ" అంది అక్క.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. బావ సీసా ఒకటి తెచ్చి, పళ్లు బిగబట్టి మూత బిగించాడు. "చూస్తుండు, నేను బిగించింది ఎవడూ ఊడదీయలేడు" అన్నాడు.

అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"అంత గట్టిగా వద్దులెండి" అంది.