నస్రత్ కత్తిపీట

మాబు మొదటి భార్య నస్రత్ విషజ్వరంతో పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు ఖుర్షిదా రెండో భార్యగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. పర్చూరు పక్కనే పల్లె. మాబుకు మినీ లారీ ఉంది, కల్లాల్లో ఎండిన మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు గుంటూరు యార్డుకు తోలతాడు. పొద్దున పోతే దీపాల వేళకే రాక. పగలంతా ఇంట్లో ఖుర్షిదా, అత్త ఖాదర్‌బీ, ఇద్దరే.

ఖాదర్‌బీకి చూపు పోయి చాలాకాలమైంది. చూపు తప్ప మిగతావన్నీ సవ్యంగానే ఉన్నాయి. వీధిలో పోయే మనిషి ఎవరో దగ్గును బట్టి చెప్పేస్తుంది. "ఖుర్షిదా, టీలో పంచదార ఎక్కువైందే" అని కోడల్ని పేరుపెట్టి పిలుస్తుంది. ఒక్క కత్తిపీట దగ్గరే ఆమె మాట మారేది.

అది నస్రత్ కత్తిపీట. నల్లటి ఇనప కత్తి, కొడవలిలా ఒళ్ళోకి వంగి ఉంటుంది. కాలుతో తొక్కిపట్టే చెక్క మీద మడమ పడే చోట గుంట పడింది. ఖుర్షిదా పాదం పెద్దది, ఆ గుంటలో ఇమడలేదు. చెక్క అడుగున ఒక పక్క అరిగిపోయి, కాయను కత్తికి ఒత్తినప్పుడల్లా నాపరాళ్ళ మీద టక్కుమనేది.

మొదటిసారి బెండకాయలు తరుగుతుంటే వసారాలోంచి అత్త గొంతు వినపడింది.

"ఏం తరుగుతున్నావే నస్రతూ?"

నోరు జారిందేమో అనుకుంది ఖుర్షిదా. "బెండకాయలత్తా" అంది.

ఆ జవాబు చెవిన పడనట్టే ఖాదర్‌బీ కాసేపు ఆగి, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు తలూపింది. "అవునా? పెట్టె తెరిచిందా? చీరలన్నీ చూసిందా?" మళ్ళీ ఆగింది. "కట్టుకోలేదా? మడతపెట్టి ఎట్టున్నవి అట్టా పెట్టేసిందా? పోనీలే, మంచి పిల్లే."

ఖుర్షిదా వేలు చురుక్కుమంది. బెండకాయ ముక్కల మీద నెత్తురు పడింది. నస్రత్ చీరల పెట్టె ఆమె తెరిచిన మాట నిజమే. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. అత్త పక్కింట్లో చావు పలకరింపుకు పోయింది. ఆ సంగతి ఖుర్షిదా ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం మొగుడికి మాత్రం చెప్పుకుంది. మాబు, "ముసలామె మాటలు మనసులో పెట్టుకోకు. ఆ కత్తిపీట మార్చేద్దాం. అద్దంకి పోదాం" అన్నాడు.

అద్దంకిలో గఫూర్ ఇనప సామాన్ల కొట్టు. ఆయన రెండు రకాలు తీసి ముందుపెట్టాడు.

"ఇది పాత రకం, తుమ్మచెక్క. కమ్మరి కొట్టిన కత్తి. ఇదేమో స్టీలుది. గట్టుకు బిగించుకుని నిలబడే తరుక్కోవచ్చమ్మా, అయిపోయాక మడిచి పక్కన పెట్టుకోవచ్చు. ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు."

ఖుర్షిదా చెప్పు విడిచి తుమ్మచెక్క మీద పాదం ఆనించింది. చదునుగా, చల్లగా ఉంది. బాగుందనే అనిపించింది. ఈలోగా మాబు చెయ్యి తనకు తెలియకుండానే ఆ కత్తి మీదికి పోయింది. బొటనవేలితో అంచు తడిమి చూస్తూ, "ఆమె కూడా ఇట్టాంటిదే..." అని సగంలో ఆగిపోయాడు.

"మన కొట్లోనే తీసుకుంది కదా" అన్నాడు గఫూర్.

ఖుర్షిదా కాలు వెనక్కి తీసుకుంది. "స్టీలుదే ఇవ్వండి" అంది.

పాతదాన్ని గోనెలో చుట్టి అటకెక్కించారు. వంటిల్లు నిశ్శబ్దమైంది. స్టీలు కత్తి మీద కాయలు చప్పుడు లేకుండా తెగేవి. ఖాదర్‌బీ మాత్రం మధ్యాహ్నాలు వంటింటి వైపు మొహం పెట్టి కూర్చునేది. "ఇవాళ ఏమీ తరగలేదా?" అని అడిగేది. "అయిపోయిందత్తా" అంటే మొహం చిన్నబుచ్చుకునేది. అన్నం రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఖుర్షిదా గట్టు దగ్గర నిలబడి వంకాయలు తరుగుతోంది. వెనకాల, కింద, నాపరాళ్ళ మీద టక్కుమంది. చెయ్యి ఆపింది. మళ్ళీ టక్కు. ఇంకోసారి టక్కు. వసారాలో ఖాదర్‌బీ పసిపిల్లలా నవ్వింది.

"వచ్చావటే! ఇన్నాళ్ళూ ఏమైపోయావే?"

ఖుర్షిదా గట్టు పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది. నేల ఖాళీగా ఉంది. స్టూలు వేసుకుని అటక మీదినుంచి గోనెమూట దించింది. వానల్లో ఇనుము మూలనపడితే తుప్పు పట్టాలి. ఈ కత్తికి తుప్పు చుక్క కూడా లేదు. అంచు తళతళలాడుతోంది.

దాన్ని బయట పారేద్దామనే గుమ్మం దాకా పోయింది. వసారాలో ముసలామె ఆ వెలుగు లేని కళ్ళతో నవ్వుతూనే ఉంది. అంత సంతోషం ఆ మొహంలో ఖుర్షిదా ఎన్నడూ చూడలేదు. వెనక్కి వచ్చింది. నేల మీద ఆ కత్తిపీట వేసుకుని కూర్చుని, మిగిలిన వంకాయలు తరగసాగింది.

"నస్రతూ, వాన ఆగిందా?" అంది అత్త.

ఖుర్షిదా చేతిలో వంకాయ కింద పెట్టింది. "అత్తా, నేను ఖుర్షిదాని. నస్రత్ అక్క లేదు."

"నువ్వని తెలుసమ్మా. నీ చేతి చప్పుడు నాకు తెలీదా?" అంది ఖాదర్‌బీ తేలిగ్గా. "నేను మాట్లాడేది నీ పక్కన కూర్చున్నదాంతో. కాస్త జరుగు, దానికి ఇరుకైతందంట."

ఖుర్షిదా పీట లాక్కుని గోడవైపు జరిగింది.

ఆనాటి నుంచి మధ్యాహ్నం కూర పాత పీట మీదే తరిగేది. ఖాదర్‌బీ కడుపునిండా తినేది. ఎండాకాలం వచ్చేసరికి ఆమె నిద్రలోనే పోయింది. నలభయ్యో రోజు ఆమె పేరున ఫాతిహా చదివించడం అయ్యాక మాబు, "ఇంక ఆ పాతది ఎవరికైనా ఇచ్చెయ్యనా?" అని అడిగాడు.

"వద్దు. ఉండనీండి" అంది ఖుర్షిదా.

మర్నాడు మాబు లారీ తీసుకుని పోయాక పాత కత్తిపీట వేసుకుని, దోసకాయ ముందుపెట్టుకుని కూర్చుంది. చెక్కు తీసింది. చిన్న ముక్క కోసి, నోట్లో పెట్టుకోబోయి ఆగి, పక్కకు చాపింది.

"చేదుందేమో చూడక్కా" అంది.