రెఫరెన్స్ నంబరు

మా ఆయన నమ్మకస్తుడని ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్‌లో చెప్పాను. నాలుగుసార్లూ చేతికి సబ్బు నురగే. నెలరోజుల అప్పులిచ్చే కంపెనీవాళ్ళు, ఆయన రెఫరెన్సుకిచ్చిన నా నంబరుకి, సరిగ్గా నేను అంట్లు తోముతున్నప్పుడే ఫోన్ చేస్తారు. "మేడం, ఆయన మీకు తెలుసా? ఎన్నేళ్ళుగా? తిరిగి కడతారా?" తెలుసు, పదకొండేళ్ళుగా, కడతారు. మొదటిసారి బండి ఇంజను, తర్వాత మా అత్తగారి కళ్ళజోడు, ఆ తర్వాత మరిదికి కొత్త ఫోను, నాలుగోది దేనికో నాకు చెప్పనే లేదు. కట్టింది మాత్రం అన్నీ నా జీతంలోంచే. "నీకైతే ఒకటో తారీఖుకల్లా పడుతుంది కదా," అంటాడు, అదేదో నాకు లాటరీ తగిలినట్టు.

ఈసారి ఖర్చు నాది. చంక కింద గడ్డ. సూదితో పరీక్ష చేయాలి, శుక్రవారం దాటనివ్వొద్దు అంది డాక్టరు. "నీకన్నీ అనుమానాలే," అన్నాడాయన. "నాకూ వచ్చాయమ్మా, వాటంతటవే పోయాయి," అన్నారు అత్తగారు. డబ్బు మాటెత్తితే, "నా దగ్గరెక్కడుంది, నువ్వే ఏదో చూసుకో," అన్నాడు. చూసుకున్నాను. అదే కంపెనీలో నా పేరున దరఖాస్తు పెట్టి, రెఫరెన్సుకి ఆయన నంబరిచ్చాను. ఇంకెవరిది ఇస్తాను?

నా పని చొక్కాల కంపెనీలో, కుట్టడం అయిపోయిన చొక్కాలకి మిగిలిన దారాలు కత్తిరించడం. ఫోను ముట్టుకోనిచ్చేది భోజనాల వేళే. గురువారం డబ్బా మూత తీస్తుంటే మోగింది. "మేడం, ఫారంలో భర్త అని రాశారు," అంది అవతలి అమ్మాయి, ఇబ్బందిపడుతూ. "ఫోన్ చేస్తే, మీరెవరో తెలియదన్నారండీ. వేరే నంబరుందా?"

"నంబరు తప్పు పడినట్టుందమ్మా," అన్నాను. అప్పుడు కూడా ఆయన పరువే కాపాడాను చూడండి. పక్క టేబులు అక్క అంతా వింది. "నాదివ్వు," అంది. మాకు పరిచయం రెండేళ్ళే. ఎన్నేళ్ళుగా తెలుసని అడుగుతారక్కా అంటే, "ఎన్నంటే అన్ని చెప్తాలే, ముందు తిను," అంది. సాయంత్రానికి డబ్బు పడింది.

భోజనం వడ్డిస్తూ అడిగాను, "నేనెవరో తెలియదన్నారట?"

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "తెలుసంటే, రేపు నువ్వు కట్టకపోతే నా మీద పడరూ? ఏదో మాటవరసకి అన్నాను. దానికింత రాద్ధాంతమా?" మంచినీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "అన్నట్టు రేపు నీకో ఫోనొస్తుంది. నాకు కాస్త అర్జెంటు పడింది. ఎప్పటిలాగే చెప్పు."

నాకు కోపమొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి, నా మీద కాకుండా ఆయన మీద. అంట్లు సింకులోనే వదిలేసి పడుకున్నాను.

శుక్రవారం పరీక్ష గది బయట, చంకలో దూది అదిమిపెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. రిపోర్టు రావడానికి ఐదు రోజులన్నారు. అప్పుడు మోగింది ఫోను. ఈసారి వేరే అమ్మాయి. ఆయన పేరు చదివి, "మీకు తెలుసా మేడం?" అంది.

"తెలియదండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "మరి ఫారంలో భార్య అని రాశారు మేడం."

"అవసరానికి రాసుంటారు," అన్నాను.