అరికాలి చుక్క

పొడిగుడ్డను నాలుగు మడతలు వేసి, అంకాలమ్మ పటం చట్రం మీది బంగారుపూల సందుల్లోంచి ధూళిని ఒడుపుగా తీస్తోంది. చట్రాన్నే తుడవాలి, పటాన్ని తాకరాదు: ఇంటి యజమానురాలు మామా ఆజ్ఞ అది. పదకొండేళ్ళుగా ప్రతి ఉదయమూ ఇదే పని. సముద్రం ఒడ్డున నాలుగు తరాలుగా ఆ అరబ్బు కుటుంబం నిలుపుకొస్తున్న మేడలో, పెద్దాయన ఎప్పుడో ఇటలీలో కొని తెచ్చిన మూడువందల యాభై ఏళ్ళ నాటి పటం. చిమ్మచీకటిలోంచి ఒకే ఒక వెలుగు ఏటవాలుగా దిగి మరియమ్మ ఒడిలోని బిడ్డ మీద పడుతుంది. మడతలు పడిన తొడలు, తడి పెదవి, చూసేవాళ్ళ వైపు చాచిన ఎడమ పాదం.

అంకాలమ్మ అనుమానమంతా ఆ చూసేవాళ్ళ మీదే. గురువారాల్లో అతిథులు వచ్చి, కాఫీ చేతపట్టుకుని రెప్ప వేయకుండా నిలబడతారు. ఎవరి చూపు ఎలాంటిదో ఆమె తలుపు వారనుంచి అంచనా కడుతుంది.

ఆనాడు వచ్చిన ఇటలీ నిపుణురాలి చూపు మరీ నచ్చలేదు. భూతద్దం పెట్టి బిడ్డను అంగుళం అంగుళం వెదుకుతోంది. అద్దం పాదం దగ్గర ఆగింది. అరికాలి మీద ఆవగింజంత నల్లచుక్క. చిత్రకారుడు వేసింది కాదు, ఈమధ్య ఎవరో పెట్టింది అని తేల్చిందామె.

మామా చూపు గదంతా తిరిగి కాపలాదారు తౌఫిక్ మీద నిలిచింది. పోయినవారం దీపాలు మార్చడానికి పటం పక్కన నిచ్చెన వేసింది అతనే. పోలీసులను పిలుస్తానంది.

"వల్లా, నేను కాదు మామా!" అని దేవుని మీద ఒట్టేశాడు తౌఫిక్.

ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, అంకాలమ్మ ఇఖామా, గడువు ఇంకో ఇరవై రోజులే. కొత్తది చేయిస్తానని మామా ఇంకా అనలేదు. నోరు మెదపకపోతే తాను ఉంటుంది, తౌఫిక్ పోతాడు.

"నేనే పెట్టినా మామా," అంది అరబీలో. తరువాతి మాటలకు ఆమెకు వచ్చిన అరబీ చాలలేదు. తమ సీమవాడే అయిన తౌఫిక్ వైపు తిరిగి తెలుగులో అంది. "చెప్పు నాయనా. పోయిన గురువారం వచ్చిన లావుపాటాయన, మాషాఅల్లా అనకుండానే బిడ్డ ముద్దుగుండాడు అన్న్యాడు. దిష్టి తగలదా? అందుకే కాటుక పెట్టినా."

"ఏందక్కా నువ్వు! బొమ్మకు గూడా కాటుక పెడ్తారా ఎవురన్నా?"

"బిడ్డ బిడ్డే గదరా. గడ్డమొచ్చినోనివి, నీకేం తెల్సు? చెప్పు ముందు."

రాయచోటిలో బయల్దేరిన పొద్దున, ఎనిమిది నెలల కూతురి అరికాలికి పెట్టిన చుక్కా ఇంతే. పాదమూ ఇంతే.

తౌఫిక్ అరబీలో చెబుతుంటే, మాషాఅల్లా అన్న మాట దగ్గర మామా చేయి మెడలోని దిష్టి నీలిపూసను వెదుక్కుంది. ఒక్క క్షణమే. తరువాత నిదానంగా అడిగింది:

"ఇంకేమేం తాకావు ఈ ఇంట్లో?"

పదకొండేళ్ళలో అంకాలమ్మ వినని ప్రశ్న అది.

ఎనిమిదో రోజున ఊరికి తిరుగు విమానం. బయల్దేరేముందు మామా పెట్టె తెరిపించి, చీరల మడతలన్నీ తన చేత్తోనే విప్పి చూసింది. ఏమీ దొరకలేదు. చివరి మూలనున్న కాటుక భరిణెను మాత్రం తీసి పక్కన పెట్టింది, నిపుణురాలికి చూపించాలట. అంకాలమ్మ చీరలు మళ్ళీ మడిచి పెట్టె మూసింది. తౌఫిక్ పెట్టె మోసుకుని గేటు దాకా వచ్చాడు.

పటం ముందరి పాలరాతి బల్ల మీద ఆ భరిణె మూత తెరిచే ఉంది, నలుపు నడుమ కొత్తగా పడిన ఒక చూపుడువేలి గుంటతో.