పసుపు గీత

రెండేళ్ళుగా రాముగాడు నా కాళ్ళకేసే చూస్తున్నాడు. తప్పెట గుండెకి కట్టుకుని, గజ్జెలేసుకుని పన్నెండు మందిమి ఆడుతుంటే, మిగతావాళ్ళ చూపు ఎక్కడున్నా వీడి చూపు మాత్రం నా పాదాల మీదే. గురువు ఎప్పుడు తడబడతాడా, ముందు నిలబడే ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. నాకు తెలియదా?

తడబడే కారణం నాకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వినబడుతుంది కానీ, పన్నెండు తప్పెట్లు ఒక్కసారి మోగితే నా చెవుల్లో ఒట్టి హోరే. లోపల లెక్కపెట్టుకుని నెట్టుకొస్తున్నాను. ఆ చోటు పోతే నేనేమిటి? ముప్పయ్యేళ్ళు తప్పెటగుళ్ళ గురువు పరదేశి అని పేరు తెచ్చుకున్నవాణ్ణి, చెరుకు తోటలో గడలు పడిపోకుండా జడచుట్లు కట్టుకుంటూ మూల పడి ఉండాలా?

అందుకే చోడవరంలో కాలేజీ హాల్లో ఆ తెల్లగోడ చూడగానే అనుమానం వచ్చింది. అశ్విని అనే అమ్మాయి విశాఖపట్నం నుంచి ఏదో మిషను తెచ్చి దాని ఎదురుగా పెట్టిందట. మనం వాయించింది గోడ మీద రంగు గీతల్లా కనబడుతుందట, లయ తప్పితే గీత వంకరపోతుందట. మమ్మల్ని రమ్మని కబురు తెచ్చిందెవరయ్యా అంటే, రాము. ఇంకేం కావాలి! నా చెవుల సంగతి పదిమందిలో బయటపెట్టడానికే ఈ ఏర్పాటంతా అనుకున్నాను. రానంటే దొరికిపోతాను. వెళ్ళాను.

ఆ అమ్మాయి తప్పెటకో బుల్లి మైకు తగిలించి, నాది పసుపు గీత అంది. వాయించాం. పసుపు గీత నాలుగు చోట్ల వంకరపోయింది. మిషను బాగోలేదన్నాను. రాముని ఒక్కణ్ణే వాయించమన్నాను, వాడి బండారమూ బయటపడుతుందని. వాడి ఎర్రగీత దారం కట్టి లాగినట్టు తిన్నగా వెళ్ళింది.

మళ్ళీ అందరం అడుగులేస్తూ వాయించాం. ఈసారి నా గీత ఒక్కటే కాదు, అన్నీ చూశాను. పసుపు ఎక్కడ వంగితే ఎరుపూ అక్కడే వంగింది. పదకొండు గీతలూ నాతోపాటే వంకరపోయాయి. తిన్నగా వాయించగలిగినవాడు ఎందుకు వంగినట్టు? వాడివైపు తిరిగాను. వాడి చూపు నా కాళ్ళ మీదే ఉంది.

ఆపి దగ్గరికి పిలిచాను. వాడు తలొంచుకుని నా చెవి దగ్గర చెప్పాడు.

"నీకు ఇనబడ్డం నేదని మాకు ఎప్పుడో తెలుసు మావా. నీ అడుగు సూసి కొడతన్నాం. నోటితో సెప్తే నువ్వు ఒప్పుకోవు. గోడ మీద సూస్తే డాక్టరు దగ్గరికి వస్తావని తీసుకొచ్చేను."

సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండేళ్ళు వాణ్ణి లోలోపల ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! కళ్ళు తుడుచుకుని, వాణ్ణి భుజం పట్టి నా చోట్లోకి లాగాను.

"ఒరే, నువ్వు ముందుండు. ఇంక నీ కాళ్ళు నేను సూస్తాను. నా కోసం ఎవుడూ ఆగొద్దు."

మళ్ళీ మొదలెట్టాం. పదకొండు గీతలూ తిన్నగా సాగాయి. పసుపు గీత రెండుసార్లు వెనకబడింది. ఎవరూ ఆగలేదు.