ముక్కు లేని చిలకలు

నాగభూషణం నేసిందంతా మళ్లీ విప్పుతున్నాడు. గుంట మగ్గంలోకి కాళ్లు దించుకుని, ఎర్రటి అంచు మీదికి వంగి, గోటితో జరీ పోగులను ఒక్కొక్కటే వెనక్కి లాగుతున్నాడు. అంచులో చిలకలన్నీ బుద్ధిగా వరుసలో కూచున్నాయి కానీ ఒక్కదానికీ ముక్కు లేదు. ధర్మవరంలో జన్మంతా చీరలు నేసిన మనిషికి అంతకంటే తలవంపు లేదు.

అది అరవై ఒకటో సంవత్సరం. అంచు బొమ్మలెత్తే ఆ జకార్డు పెట్టె వారం కిందటే హిందూపురం నుంచి రైల్లో వచ్చింది. మగ్గం పైన దాన్ని బిగించింది మేనల్లుడు రామాంజినేయులు. పెట్టె దారాలు కట్టడంలో ఊళ్లో తన తరువాతే ఎవరైనా అని వాడికి కాస్త పొగరు. పొద్దున్నే వచ్చి అంచు చూసి, పైకి తలెత్తకుండానే తేల్చేశాడు.

"కాలు తప్పుతాండాది మామా. చెక్క నిండా తొక్కితే కదా పోగులు లేసేది."

వంటింట్లోంచి నాగభూషణం భార్య రంగనాయకమ్మ అడిగింది. "కాలు తప్పితే యాడో ఒకచోట తప్పల్ల. అన్ని చిలకలకీ ముక్కే పోతాదేమప్పా? ఆ పెట్టె సూడరాదా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెట్టెనంటావేమత్తా? మామకు వయసైపోయింది."

అన్నాక ఆ మాట వాడికే గుచ్చుకుంది. అయినా తలెత్తి చూస్తే తన కట్టు మీద తనకే అనుమానమున్నట్టు అవుతుందని చూడలేదు.

"కాలే అయ్యింటాది లేప్పా," అన్నాడు నాగభూషణం. పాత పంచె చింపి, జారకుండా తొక్కుడు చెక్కకు చుట్టాడు.

మధ్యాహ్నం దాకా నొక్కి నొక్కి తొక్కాడు. చిలకలకు ముక్కు రాలేదు. ఇంత సంగటి తిని మగ్గం పక్కన చాప మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదు.

కర్మలయ్యాక, ఒప్పుకున్న చీర ఆగకూడదని రామాంజినేయులే గుంటలోకి దిగాడు. పడుచు కాలు, చెక్క నిండా తొక్కాడు. చిలకకు ముక్కు లేదు. అప్పుడు తలెత్తాడు. పెట్టెలోంచి దిగే రెండు దారాలు ఒకదాని చోట ఒకటి కట్టి ఉన్నాయి. ముడి తనదే.

మార్చి కట్టాడు. తరువాతి చిలక ముక్కుతో వచ్చింది.

రంగనాయకమ్మ తొంగి చూసింది. "వచ్చిందా నాయనా? అయితే మీ మామ కాలే తప్పింటాది. పాపం, నేనే ఊరికే పెట్టెనంటి."

తప్పు నాదత్తా అని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ "ఊఁ" అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

కాలి కింద తొక్కుడు చెక్కకు చుట్టిన పంచె పీలిక, మామ బొటనవేలు నొక్కినచోట నల్లబడి, ఇంకా బిగువుగానే ఉంది.